కాదుకీ లేదుకీ మధ్య స్పానిష్

మెక్సికో క్లయింట్‌తో నా మొదటి వీడియో కాల్ అది. అవతల ఆరుగురు, ఇవతల నేనొక్కదాన్నే. అప్పటికి ఎనిమిది నెలలుగా హైదరాబాద్‌లో సాయంత్రం క్లాసులకు వెళ్తున్నాను కాబట్టి, ఆఫీసులో అందరూ కలిసి నన్నే ముందుకు తోశారు. "మొదలుపెడదామా?" అని వాళ్ళు అడిగారు. నేను రెడీ అని చెప్పాలి. "సోయ్ లిస్తా" అన్నాను. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన నవ్వాపుకుంటూ "సంతోషం, మాకు తెలివైనవాళ్ళే కావాలి" అన్నాడు.

"ఎస్తోయ్ లిస్తా" అంటే నేను సిద్ధంగా ఉన్నాను. "సోయ్ లిస్తా" అంటే నేను తెలివైనదాన్ని. మొదటి పరిచయంలోనే సొంత డబ్బా కొట్టుకున్నానన్నమాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సిగ్గు ఒక కారణమైతే, ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోవడం ఇంకో కారణం. క్లాసులో ఆ పాఠం నాకు బాగా వచ్చు. పరీక్షలో ఖాళీలన్నీ సరిగ్గా నింపాను. కానీ టెన్షన్‌లో బుర్ర ఏం చేసిందంటే, "నేను రెడీ" అన్న తెలుగు మాటను ముందు ఇంగ్లిష్‌లో "ఐ యామ్ రెడీ" చేసుకుంది. "ఐ యామ్" అనగానే మొదటి రోజు నేర్చుకున్న "సోయ్" నాలుక మీదికి వచ్చేసింది. నా తెలుగుకీ నా స్పానిష్‌కీ మధ్య పిలవని పేరంటంలా ఇంగ్లిష్ వచ్చి కూర్చుంది.

ఇప్పుడు నేను ఆదివారాలు ఆన్‌లైన్‌లో ఒక చిన్న బ్యాచ్‌కి స్పానిష్ చెప్తున్నాను. ఆఫీసు పని కోసం నేర్చుకునేవాళ్ళు కొందరు, పరీక్ష రాసేవాళ్ళు ఇద్దరు, ఊరికే ఇష్టంతో వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒకరు. ఇది కాక టెక్సస్‌లో హైస్కూల్ చదువుతున్న మా అక్క కూతురు. అక్కడ బడిలో స్పానిష్ తీసుకుంది, హోంవర్క్ వచ్చినప్పుడల్లా "పిన్నీ, ఒక్క డౌట్" అని ఫోన్ చేస్తుంది. వీళ్ళందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. సెర్, ఎస్తార్ తేడా ఏమిటి? నచ్చడం అనే అర్థమున్న గుస్తార్ తలకిందులుగా ఎందుకుంటుంది? సె అనే ఆ బుడ్డ మాట ఎన్ని పనులు చేస్తుంది? రెండు భూతకాలాలు ఎందుకు? నా వాదన ఏమిటంటే, వీటిలో చాలా ప్రశ్నలు తెలుగువాళ్ళకు రావలసినవే కాదు. ఇంగ్లిష్ మీదుగా వెళ్తున్నాం కాబట్టి వస్తున్నాయి.

మొదట సెర్, ఎస్తార్ సంగతి. ఇంగ్లిష్‌లో యామ్, ఈజ్, ఆర్ అనే ఒకే క్రియ ఉన్నచోట స్పానిష్‌లో రెండున్నాయి. సోయ్, ఎస్, సోమోస్ అనేవి సెర్ రూపాలు; ఎస్తోయ్, ఎస్తా అనేవి ఎస్తార్ రూపాలు. పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రం: శాశ్వతమైనదైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్. నాకూ ఇదే చెప్పారు. వినడానికి బాగుంటుంది, నాలుగు రోజుల్లో విరిగిపోతుంది. చనిపోయిన మనిషి గురించి "ఎస్తా ముయెర్తో" అంటారు, ఎస్తార్‌తో. చావుకన్నా శాశ్వతమైనది ఏముంటుంది? మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉంది అనడానికీ ఎస్తారే. ఆ ఊరు రేపు లేచి పోర్చుగల్‌కి వెళ్ళిపోతుందా? ఇటు చూస్తే "ఇవాళ సోమవారం" అనడానికి సెర్ వాడతారు. రేపటికి సోమవారం ఉండదు.

నాకు జవాబు పుస్తకంలో దొరకలేదు, ఇంట్లో ల్యాండ్‌లైన్ దగ్గర దొరికింది. నాన్న కోసం ఎవరో ఫోన్ చేశారు. బాబాయ్ ఎత్తాడు. "నేను ఆయన్ని కాదండీ, వాళ్ళ తమ్ముణ్ణి. అన్నయ్య ఇంట్లో లేడు" అన్నాడు. పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న నాకు చేతిలో పెన్ను ఆగిపోయింది. కాదు, లేడు. ఒకే ఊపిరిలో రెండు. "నో సోయ్ ఎల్", "నో ఎస్తా". ఇంగ్లిష్‌లో రెండుచోట్లా అదే క్రియ, అదే నాట్. తెలుగులో రెండు వేరు వేరు మాటలు. స్పానిష్‌లోనూ రెండు.

అప్పటినుంచి నా బ్యాచ్‌లో సూత్రం ఇదే: వాక్యాన్ని తెలుగులో అనుకో, దాన్ని కాదనిపించు. "కాదు" వస్తే సెర్. "లేదు" వస్తే ఎస్తార్. ఆయన డాక్టరు కాదు: నో ఎస్. ఆయన ఆసుపత్రిలో లేడు: నో ఎస్తా. ఇవాళ సోమవారం కాదు: నో ఎస్. మాది గుంటూరు కాదు: నో సోమోస్. తలుపు మూసి లేదు: నో ఎస్తా. ఇక నా పరువు తీసిన మాట: సిద్ధంగా లేను అయితే ఎస్తార్, తెలివైనదాన్ని కాను అయితే సెర్. ఆ రోజు కాల్‌లో ఇది తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

దీనిలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంకోటుంది. ఏదైనా ఎక్కడుందో చెప్పడానికి ఎస్తార్ వాడాలని నేర్పుతారు. తర్వాత కొన్నాళ్ళకు నెమ్మదిగా ఒక మినహాయింపు చెప్తారు: పార్టీ, మీటింగ్, పెళ్ళి లాంటివి ఎక్కడ జరుగుతాయో చెప్పడానికి మాత్రం సెర్ వాడాలి. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ళకు ఇది ఒట్టి మొండితనంలా కనిపిస్తుంది. తెలుగులో చూడండి. "పెళ్ళి తిరుపతిలో కాదు, విజయవాడలో." "పెళ్ళికొడుకు తిరుపతిలో లేడు." పెళ్ళికి కాదు, పెళ్ళికొడుక్కి లేదు. ఎవరూ నేర్పకుండానే మనకు వచ్చిన తేడా అది. మొదటిదానికి ఎస్, రెండోదానికి ఎస్తా. మినహాయింపు అక్కర్లేదు.

ఎస్తార్‌కి దగ్గరి చుట్టం మన "ఉండు". "మాట్లాడుతున్నాడు" అనే మాటను విడదీస్తే మాట్లాడుతూ ఉన్నాడు. స్పానిష్‌లో "ఎస్తా అబ్లాందో", అంటే మాట్లాడుతూ ఉన్నాడు. తలుపు మూసి ఉంది, దీపం వెలిగి ఉంది, మనిషి చచ్చి పడి ఉన్నాడు. పని అయిపోయి, దాని ఫలితం నిలిచి ఉంది. అక్కడన్నీ ఎస్తారే. ముయెర్తో రహస్యం కూడా అదే. చావు శాశ్వతమా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

ఈ సూత్రానికి చిల్లులు లేవా అంటే ఉన్నాయి. విశేషణాల దగ్గర కొంచెం కారుతుంది. "కూర రుచిగా లేదు" అంటే ఎస్తార్, బాగానే ఉంది. కానీ "మంచు తెల్లగా ఉంటుంది" అనే చోట మనం ఉండు వాడినా స్పానిష్‌లో సెర్ వస్తుంది. దీనికి చిన్న మరమ్మతు చేసుకున్నాను. గుణం చెప్పేటప్పుడు ఉంది అంటే ఎస్తార్, ఉంటుంది అంటే సెర్. ఈ రోజు సాంబారు రుచిగా ఉంది: ఎస్తా. మా అమ్మ చేసే సాంబారు రుచిగా ఉంటుంది: ఎస్. ఇదీ పూర్తిగా నమ్మదగింది కాదు. "సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాడు" అన్నప్పుడు చోటు గురించి చెప్తున్నాం కాబట్టి మళ్ళీ ఎస్తారే. అయినా శాశ్వతం, తాత్కాలికం కన్నా ఇది చాలా నయం.

ఇంకో సంగతి. మన "లేదు" ఒక్కటే స్పానిష్‌లో మూడుగా చీలుతుంది. అన్నయ్య లేడు: నో ఎస్తా. ఇంట్లో పాలు లేవు: నో ఆయ్. నా దగ్గర డబ్బు లేదు: నో తేంగో. తెలిసిన మనిషో వస్తువో ఫలానాచోట లేకపోవడం, అసలు అలాంటిదే లేకపోవడం, మన దగ్గర లేకపోవడం. ఇక్కడ తెలుగు మనకు సాయం చేయదు, కూర్చుని నేర్చుకోవలసిందే. మా రిటైర్డ్ మాస్టారు ఈ మూడింటినీ ఒక్క వాక్యంలో పెట్టుకున్నారు: "అబ్బాయి లేడు, బియ్యం లేవు, డబ్బు లేదు." పాపం, వాక్యం దిగులుగా ఉన్నా బాగా గుర్తుంటుంది.

ఇక గుస్తార్. ఇంగ్లిష్ పుస్తకాలు దీనికోసం ఒక అధ్యాయం మొత్తం ఖర్చు పెడతాయి. ఇది తలకిందులుగా నడిచే క్రియ, కర్త కర్మ అవుతుంది, కర్మ కర్త అవుతుంది అని పెద్ద హడావుడి. మా బ్యాచ్‌లో నల్గొండ జిల్లా నుంచి వచ్చిన ఒకబ్బాయి ఉన్నాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొదటి క్లాసులోనే "మేడమ్, నాకు ఇంగ్లిషే సరిగ్గా రాదు, స్పానిష్ వస్తుందా?" అని అడిగాడు. గుస్తార్ పాఠం వచ్చిన రోజు నేను పుస్తకం పక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాశాను.

నాకు ఈ పాట నచ్చింది: మె గుస్తో ఎస్తా కన్సియోన్.
నాకు ఈ పాటలు నచ్చాయి: మె గుస్తారోన్ ఎస్తాస్ కన్సియోనెస్.
నాకు తల నొప్పిగా ఉంది: మె దుయేలే లా కబేసా.
నువ్వు నాకు నచ్చావు: మె గుస్తాస్.

పాట ఒకటైతే నచ్చింది, చాలా అయితే నచ్చాయి. నచ్చడం పాట పని, నాది కాదు. నేను "నాకు" దగ్గరే ఆగిపోయాను. ఆ అబ్బాయి ఒక నిమిషం చూసి "ఇందులో కష్టం ఏముంది మేడమ్? ఇది తెలుగే కదా" అన్నాడు. ఆ మాట కోసమే నేను క్లాసులు చెప్తున్నానేమో అనిపించింది. మిగతా ఇంగ్లిష్ మీడియం వాళ్ళు ఇంకో రెండు వారాలు నేను అనే కర్త పెట్టి "యో గుస్తో" అంటూనే ఉన్నారు. వాళ్ళకు తెలుగు రాక కాదు. క్లాసులో కూర్చోగానే ఇంగ్లిష్ మోడ్‌లోకి వెళ్ళిపోతారు కాబట్టి.

ఉచ్చారణలోనూ అతనే ముందు. స్పానిష్ త, ద మన త, ద లాగే పళ్ళకు తగిలి వస్తాయి. ప, త, క పలికేటప్పుడు ఇంగ్లిష్‌లో లాగా గాలి వదలరు. మనం మాత్రం ఇంగ్లిష్ ద్వారా దిగుమతి చేసుకున్నాం కాబట్టి మెక్సికో తాకోని హైదరాబాద్ మెనూ కార్డుల్లో టాకో చేశాం. ర విషయంలో ఇంకా సరదా. స్పానిష్‌లో మామూలు ర, గట్టి ర రెండున్నాయి. పెరో అంటే కానీ, పెఱ్ఱో అంటే కుక్క. మనకూ ఒకప్పుడు ర, ఱ వేరుగా ఉండేవి. బండి ర అని చిన్నప్పుడు అక్షరమాలలో దిద్దాం, తర్వాత మరిచిపోయాం. వాళ్ళు ఉంచుకున్నారు, మనం పోగొట్టుకున్నాం.

"ఆ మీ మె గుస్తా" అని నాకు అనే మాట రెండుసార్లు ఎందుకు అని కూడా అడుగుతుంటారు. "మె" వ్యాకరణం కోసం, తీసేయడానికి లేదు. "ఆ మీ" నొక్కి చెప్పడానికి. మనం "నాకైతే నచ్చింది" అంటాం చూశారూ, ఆ "ఐతే" చేసే పని అది చేస్తుంది. అంతే.

సె గురించి చెప్పాలంటే రోజంతా చాలదు. కానీ సగం గుట్టు మన "కొను"లో ఉంది. కడగడం, కడుక్కోవడం. లబార్, లబార్సే. దువ్వడం, దువ్వుకోవడం. పెయ్‌నార్, పెయ్‌నార్సే. "చేతులు కడుక్కున్నాను" అంటే "మె లబే లాస్ మానోస్". నేను అన్నప్పుడు సె కాస్తా మె అవుతుంది. ఎవరి చేతులు అని తెలుగులో ఎవరూ అడగరు, స్పానిష్‌లోనూ అడగరు. "నా చేతులు" అని చెప్పాలనే తపన ఇంగ్లిష్ నుంచి వచ్చింది. "తలుపు తెరుచుకుంది" అన్నప్పుడు ఎవరూ తెరవలేదు, దానంతట అదే తెరుచుకుంది. "సె అబ్రియో లా పుయెర్తా". అక్కడా కొను, ఇక్కడా సె.

మిగతా సగం "పోవు"లో ఉంది. వెళ్ళడం ఈర్, వెళ్ళిపోవడం ఈర్సే. విరగడం దగ్గర చూడండి. పిల్లలు గ్లాసు పగలగొట్టి "పగిలిపోయింది" అంటారు. "నేను పగలగొట్టాను" అని ఏ పిల్లాడూ అనడు. స్పానిష్ పిల్లలు "సె మె కయో" అంటారు. అంటే అదే పడిపోయింది, నా చేతిలోనే కానీ నా ప్రమేయం ఏమీ లేదు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళకు ఇది బాధ్యత తప్పించుకునే వ్యాకరణంలా తోస్తుందట. మా అక్క కూతురికి టీచర్ ఇదే చెప్పి నవ్విందని, "వాళ్ళు తప్పు ఒప్పుకోరా పిన్నీ?" అని అడిగింది. నిన్న మీ ఇంట్లో ఫోన్ ఎలా పగిలింది అని అడిగాను. "నేనేం చేయలేదు, జారిపోయింది" అంది. చెప్పాల్సింది ఇంకేముంది?

భూతకాలాల దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ నాకు అభిమానమైన ఒక మనిషి వస్తాడు. ఆంద్రేస్ బేయో. కారకాస్‌లో పుట్టాడు, లండన్‌లో చాలా ఏళ్ళు గడిపాడు, చిలీలో స్థిరపడి అక్కడి విశ్వవిద్యాలయానికి మొదటి రెక్టర్ అయ్యాడు. 1847లో అమెరికా ఖండంలోని స్పానిష్ వాడుకరుల కోసం ఒక వ్యాకరణం రాశాడు. స్పానిష్ భాషకు మొదటి అచ్చు వ్యాకరణం 1492లోనే నెబ్రిహా రాశాడు, అది వేరే కథ. బేయో గొడవంతా ఒకటే. లాటిన్‌లో ఉన్న విభక్తులూ కాలాలూ స్పానిష్‌లో వెతకొద్దు, స్పానిష్‌ని దాని మాట ప్రకారం చదవండి అన్నాడు. లాటిన్ స్థానంలో ఇంగ్లిష్ పెట్టుకోండి, నేను ఇంతసేపూ చెప్తున్నది అదే.

బేయో కాలాలకు కొత్త పేర్లు పెట్టాడు. మిగతా ప్రపంచం "ఇంపెర్‌ఫెక్తో", అంటే అసంపూర్ణం అని పిలిచే కాలానికి ఆయన "కోప్రెతేరితో" అన్నాడు. గడిచినదానితో పాటు సాగేది అని అర్థం. మెక్సికో బడుల్లో ఈ పేరే ఇప్పటికీ చెప్తారు. మా క్లయింట్ వైపు ఒకామె నా ఈమెయిల్ దిద్దుతూ "ఇక్కడ కోప్రెతేరితో పెట్టు" అన్నప్పుడు నేను మొదటిసారి ఆ మాట విన్నాను. వెంటనే అర్థమైంది. "నేను వెళ్ళేసరికి వర్షం పడుతోంది." వెళ్ళడం ఒక్కసారి జరిగిపోయింది, వర్షం దాని పక్కన నడుస్తోంది. పక్కన నడిచేది కోప్రెతేరితో. "చిన్నప్పుడు ప్రతి వేసవికీ అమ్మమ్మ ఊరు వెళ్ళేవాళ్ళం" అన్నా అదే. "వెళ్ళేవాళ్ళం" అంటే "ఈబామోస్", "వెళ్ళాం" అంటే "ఫుయ్‌మోస్". చేసేవాణ్ణి, చేశాను తేడా తెలిసిన మనిషి ఈ పాఠంలో భయపడాల్సిన పనిలేదు.

పుస్తకాల్లో ఇంకో జాబితా ఉంటుంది: భూతకాలం మారితే అర్థం మారే క్రియలు. సబేర్ అంటే తెలిసి ఉండటం. కానీ "సూపే" అంటే తెలిసింది, అప్పుడే కనుక్కున్నాను. "సబీయా" అంటే అప్పటికే తెలుసు. ఈ జాబితాను బట్టీ పట్టడానికి నేను ఒక వారం వృథా చేశాను. "వాళ్ళ పెళ్ళి సంగతి నాకు తెలుసు", "వాళ్ళ పెళ్ళి సంగతి నాకు నిన్న తెలిసింది". తెలుసు, తెలిసింది. ఈ రెండూ ఒకటే అని ఏ తెలుగువాడైనా అంటాడా? ఒకటే క్రియ, రెండు రూపాలు, రెండు అర్థాలు. నేనేమో ఇంగ్లిష్‌లో రాసుకున్న నోట్స్ చదువుతూ "అబ్బా, ఎంత వింత భాష" అనుకున్నాను.

మర్యాద మాటల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. అమెరికన్ విద్యార్థులకు ఎవరితో ఏది వాడాలో చెప్పడానికి పుస్తకాలు పట్టికలు వేస్తాయి. మనకు అత్తగారితో ఏకవచనం వాడకూడదని ఎవరైనా పట్టిక వేశారా? అయితే ఒక్క ప్రశ్న మాత్రం మంచిది. ఎదురుగా ఉన్న మనిషిని ఉస్తెద్ అన్నప్పుడు క్రియ అతను, ఆమెలకు వాడే రూపంలో ఎందుకుంటుంది? ఉస్తెద్ అసలు "బ్వెస్త్రా మెర్సేద్" అనే పాత మాట అరిగిపోగా మిగిలింది. తమరి దయ అని చెప్పుకోవచ్చు. పల్లెల్లో పెద్దవాళ్ళు ఎదుట నిలబడి "అయ్యగారు ఎప్పుడొచ్చారు?" అని అడగడం వినే ఉంటారు. మనిషి ముందే ఉన్నా, గౌరవం కోసం పక్కవాళ్ళ గురించి అడిగినట్టు అడుగుతారు. అదే పద్ధతి స్పానిష్‌లో గట్టిపడి వ్యాకరణమైంది. అర్జెంటీనాలో తూ బదులు బోస్ అంటారు, కొలంబియాలో బొగోతా వైపు స్నేహితులు కూడా ఉస్తెద్ అనుకుంటారు. మా అమ్మ ఆఖరిది విని "మన గోదావరి వాళ్ళలాగా అన్నమాట, పిల్లల్ని కూడా అండీ అంటారు" అంది. మాది కృష్ణా జిల్లా కాబట్టి ఆ మాటలో కొంచెం ఎత్తిపొడుపు ఉంది, పట్టించుకోకండి.

మనుషుల పేర్ల ముందు వచ్చే "ఆ" గురించి ఒక్క మాట. "సినిమా చూశాను" అంటాం, "సినిమాను చూశాను" అనక్కర్లేదు. కానీ "రాముడు చూశాను" అంటే కుదరదు, "రాముణ్ణి చూశాను" అనాలి. కర్మ మనిషైతే గుర్తు తప్పనిసరి. స్పానిష్ వాళ్ళ గుర్తు ఆ, మన గుర్తు ని. ఇంగ్లిష్‌లో ఏ గుర్తూ లేదు కాబట్టి ఆ పుస్తకాలు దీన్ని వింతగా చూపిస్తాయి.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ళూ ఉన్నారు. స్పానిష్ చెప్పే ఒక మిత్రురాలు ఎప్పుడూ పోట్లాడుతుంది. "క్లాసులో మాతృభాష వద్దే వద్దు, స్పానిష్‌ని స్పానిష్‌లోనే నేర్పాలి. ఇంగ్లిష్‌తో వచ్చే చిక్కులే తెలుగుతోనూ వస్తాయి" అంటుంది. ఐదేళ్ళ పిల్లలైతే నేనూ ఒప్పుకుంటాను. ముప్ఫై ఏళ్ళ మనిషి బుర్రలో తర్జుమా ఆగదు. నేను ఆపమన్నా వాళ్ళు లోపల చేసుకుంటూనే ఉంటారు. ఏ భాష మీదుగా చేసుకోవాలన్నదే మన చేతిలో ఉన్నది.

అయినా ఆమె మాటలో సగం నిజం ఉంది. తెలుగు చేతులెత్తేసే చోట్లు తక్కువేం కాదు. లింగం దగ్గర మనకు ఏ ఆధారమూ లేదు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. మామూలుగా ఆతో ముగిసేవి స్త్రీలింగం, ఓతో ముగిసేవి పుంలింగం. కానీ ప్రొబ్లేమా, అంటే సమస్య, ఆతో ముగిసినా పుంలింగం, ఎందుకంటే అది గ్రీకు నుంచి వచ్చింది. మానో, అంటే చెయ్యి, ఓతో ముగిసినా స్త్రీలింగం. బట్టీ పట్టడం తప్ప దారి లేదు. నీళ్ళు, ఆగ్వా, స్త్రీలింగమే అయినా ముందు స్త్రీలింగపు లా కాకుండా పుంలింగపు ఎల్ వస్తుంది. లా ఆగ్వా అంటే రెండు ఆలు గుద్దుకుంటాయి కాబట్టి. ఆ ఎల్ నిజానికి పాత స్త్రీలింగ రూపం నుంచే వచ్చింది. సంధి నేర్చుకున్న మనకు ఆ చివరి సంగతి ఒక్కటి నచ్చుతుంది. మళ్ళీ వాళ్ళని అనడానికి మనకు నోరెక్కడిది? "ఆమె వచ్చింది, బస్సు వచ్చింది" అని ఆడమనిషినీ బస్సునీ ఒకే గాటన కట్టి, ఇద్దరు ఆడవాళ్ళు రాగానే "వచ్చారు" అని మగవాళ్ళలో కలిపేస్తాం. ఇది విన్న స్పానిష్ వాళ్ళు ఏమనుకోవాలి?

పోర్, పారాల దగ్గర మన "కోసం" అడ్డం తిరుగుతుంది. "నీ కోసం చేశాను" అంటే నీకివ్వడానికా, నీ మీద ప్రేమతోనా? మొదటిదైతే పారా, రెండోదైతే పోర్. తెలుగు రెండింటినీ ఒకే మాటలో కలిపేసింది. "వల్ల", "మీదుగా" వచ్చేచోట పోర్ అని గుర్తుపెట్టుకుంటే కొంత నయం.

అసలు పేచీ సబ్‌జంక్టివ్‌తో, అంటే జరిగినదాన్ని కాక కోరికనో ఊహనో చెప్పే క్రియారూపంతో. "నువ్వు రావాలని ఉంది" అన్నప్పుడు మన "రావాలని" కొంత దారి చూపిస్తుంది. "వర్షం పడినా వెళ్తాను", "వర్షం పడుతున్నా వెళ్తున్నాను" అనే జంట కూడా పనికొస్తుంది. మొదటిదానికి "యుయెబా", రెండోదానికి "యుయెబే". కానీ "బాల్కనీ ఉన్న ఫ్లాట్ కోసం చూస్తున్నాం" అని చెప్పండి. అలాంటి ఫ్లాట్ ఏదైనా సరేనా, లేక ఒకటి చూసి ఉంచుకుని దాన్ని వెతుకుతున్నారా? తెలుగులో "ఉన్న" రెండింటికీ సరిపోతుంది. స్పానిష్‌లో మొదటిదైతే "తేంగా", రెండోదైతే "తియేనే". ఇంటి బ్రోకర్‌కి మనం ఎదురు ప్రశ్నలకు జవాబులిస్తూ చెప్పే సంగతిని వాళ్ళు క్రియలోనే పెట్టేస్తారు. ఇది నాకు ఇప్పటికీ మాట్లాడేటప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. దీనికి దగ్గరిదారి ఉందని నేను చెప్పను.

ఇంకో ఓదార్పు. స్పానిష్ వాళ్ళకే తమ భాష మీద గొడవలున్నాయి. "కేవలం" అనీ "ఒంటరి" అనీ అర్థాలున్న "సోలో" అనే మాట మీద చిన్న గీత పెట్టాలా వద్దా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. స్పానిష్ భాష నియమాలు చూసే మాడ్రిడ్‌లోని రాయల్ అకాడమీ 2010లో అక్కర్లేదంది. రచయితలు వినలేదు. చివరికి 2023లో, అర్థం రెండు రకాలుగా వస్తుందని రాసేవాళ్ళకు తోస్తే పెట్టుకోవచ్చని మెత్తబడింది. "ళ్ళు" రాయాలా "ళ్లు" రాయాలా అని తగువులాడుకునే మనం వాళ్ళని అర్థం చేసుకోగలం.

నాకు "కోప్రెతేరితో" నేర్పిన, మెక్సికోలో పుయెబ్లా అనే ఊరికి చెందిన ఆమె సంగతి చెప్పి ముగిస్తాను. నేను స్పానిష్‌లో తప్పులు చేస్తూనే ఉన్నాను, ఆమె దిద్దుతూనే ఉంది. ఒకరోజు బదులుగా తెలుగు నేర్పమంది. "నాకు కాఫీ ఇష్టం", "నాకు తెలుసు", "నాకు ఆకలిగా ఉంది" ఒక్క పూటలో పట్టేసింది. "ఇదంతా గుస్తార్ కదా" అంది, నా నల్గొండ అబ్బాయి అన్నట్టే. కాదు, లేదు కూడా రెండు రోజుల్లో వచ్చేశాయి. కానీ మనం, మేము దగ్గర బండి ఆగిపోయింది. వాళ్ళకు రెండింటికీ నోసోత్రోస్ ఒక్కటే. ఎదుటి మనిషిని కలుపుకునే మాట ఒకటి, వదిలేసే మాట ఇంకోటి ఎందుకు అని అడిగింది. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. పోయిన నెల ఆమె దగ్గర్నుంచి తెలుగులో మెసేజ్ వచ్చింది: "శనివారం మనం పెళ్ళికి వెళ్తున్నాం." ఎవరి పెళ్ళి, ఎక్కడ, నేను ఎప్పుడు బయల్దేరాలి అని అడిగాను. ఆమె మరిది పెళ్ళట. వెళ్ళేది ఆమె, ఆమె భర్త.